కౌజుపిట్టలకు వసంతం రద్దు

ఈ ఏడాది కౌజుపిట్టలకు వసంతం రద్దయిందని పౌరులందరికీ సవినయంగా తెలియజేస్తున్నాం. రద్దుకు కారణాలు పూర్తిగా శాస్త్రీయమైనవి. కాకులకూ పిచ్చుకలకూ మనుషులకూ సంబంధించిన ఉత్తర్వులు విడిగా వెలువడతాయి. అంతవరకు వారు యథాప్రకారం సంతోషించవచ్చు.

విషయం తెలియనివారి కోసం రెండు ముక్కలు. కౌజుపిట్ట కడుపులో సంతానం కోసం ఒక గ్రంథి ఉంటుంది. చలికాలంలో అది ఆవగింజంత ముడుచుకుని, సెలవు పెట్టిన గుమాస్తాలా ఉలుకూ పలుకూ లేకుండా పడుంటుంది. పగటి పొద్దు పెరిగేసరికి వెలుతురు సంగతి కన్ను మెదడుకు చెబుతుంది, మెదడు గ్రంథికి చెబుతుంది. ఇంకేం, గ్రంథి చిక్కుడుగింజంత అవుతుంది. పుంజు మెడ నిక్కించి కనిపించినవాడితోనల్లా కలబడుతుంది. పెట్ట గడ్డిలో గుడ్లు పెట్టుకుంటుంది. ఏ పై అధికారీ సంతకం చేయకుండానే ఇంత పని జరిగిపోవడం మొదటినుంచీ ఎవరికీ నచ్చలేదు.

చట్టం ఏమంటుందంటే, గ్రంథి ఉబ్బి ఉన్నంతకాలం వేట నిషేధం. ఉబ్బిందో లేదో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చేది పక్షి గ్రంథుల పరిశోధన కేంద్రం. కేంద్రమంటే మూడు గదులు, వెనక ఒక పిట్టల షెడ్డు, ఒక డైరెక్టరుగారు, గ్రంథుల్ని సున్నితపు త్రాసులో తూచే ఒక పరిశోధకురాలు. ఆవిడను అందరూ తూకం మేడమ్ అంటారు. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు కనుక ఆవిడ చెప్పేవన్నీ నిజాలే.

చిక్కు వేట క్లబ్బు నుంచి వచ్చింది. క్లబ్బు అధ్యక్షుడు వంతెనల కాంట్రాక్టరు, డైరెక్టరుగారి భార్యకు స్వయానా అన్న. వంతెనలు మంజూరు చేసే పెద్దాయనకు కౌజు వేట మీద మనసైంది. ఆయనకు తీరిక దొరికేది మాత్రం వసంతంలోనే.

"ఆయన వచ్చేది ఒక్కసారి బావా, పిట్టలు ప్రతి ఏడూ ఉంటాయి. ఎవరికోసం ఎవరు సర్దుకోవాలో నువ్వే చెప్పు" అన్నాడు అధ్యక్షుడు, సోఫాలో వెనక్కి వాలి.

"మా అన్నయ్య నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే" అని ఇల్లాలు అందుకుంది. "అయినా పిట్ట పొట్టలో ఏముందో ఎవరు చూడొచ్చారండీ?"

డైరెక్టరుగారు నిప్పులాంటి మనిషి. అబద్ధపు సర్టిఫికెట్ మీద సంతకం చేసే రకం కాదు. అందుకని సర్టిఫికెట్‌నే నిజం చేయాలని సంకల్పించారు. మర్నాడే షెడ్డు చుట్టూ దళసరి నల్లతెరలు దిగాయి. పగటిని చలికాలంలోలా కురచగా కత్తిరించారు. పిట్టలకు ఏమాత్రం అనుమానం రాకూడదని సిబ్బంది అందరూ స్వెట్టర్లు, మఫ్లర్లు వేసుకుని రావాలని ఆదేశించారు. పంజరాల ముందు నిలబడి వణకడానికి అటెండర్లకు షిఫ్టులు వేశారు. చెమట పట్టడానికి అనుమతి ఉంది గానీ తుడుచుకోవడానికి లేదు. "మా ఆయన ఇంట్లో కూడా వణుకుతున్నాడు, డ్యూటీ అయిపోయిందని ఎంత చెప్పినా వినడు" అని ఒక అటెండరు భార్య వాపోయింది. ఆయనకు ఉత్తమ ఉద్యోగి బహుమతి వచ్చింది.

పాపం పిట్టలు నమ్మాయి. గ్రంథులు ముడుచుకున్నాయి. తూకం మేడమ్ తూచి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చెప్పి ఊరుకోలేదు.

"సార్, మనం తెరలు కట్టింది మన షెడ్డుకి. బయట పిట్టలకి ఎవరు కట్టారు? మన వెనక గోడ పక్కన గడ్డిలో ఒక పెట్ట గుడ్ల మీద కూర్చుంది. నేను రోజూ చూస్తున్నాను."

"అది మన పిట్టేనా అమ్మా?"

"కాదు సార్."

"మరి దాని గ్రంథితో మనకేం పని?"

"వేట మొదలైతే అది బతకదు సార్."

డైరెక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నాకూ బాధగానే ఉందమ్మా. ఏం చేస్తాం, నా బాధ ఈ కేంద్రం పరిధిలోకి రాదు" అని సర్టిఫికెట్ మీద సంతకం చేసేశారు.

పిట్టలకు వసంతం లేనప్పుడు మనకెందుకని మిగతా శాఖలూ ముందుకొచ్చాయి. ఉద్యానశాఖవారు తొందరపడి పూసిన మొక్కలకు నోటీసులు అంటించారు. బడిపిల్లలకు ఉన్ని దుస్తులు కొనసాగించారు. ఆసుపత్రిలో వడదెబ్బ తగిలినవారికి జలుబు మందు ఇచ్చి, రెండేసి దుప్పట్లు కప్పి పంపారు. ఐస్‌క్రీం బండివాడిని ప్రజల్ని రెచ్చగొడుతున్నాడని పట్టుకెళ్లారు. పత్రికలు ఇంత ఆహ్లాదకరమైన చలిని ఎన్నడూ ఎరగమని సంపాదకీయాలు రాశాయి. వీధిలో ఎదురుపడినవారు ఎర్రగా కందిన ముఖాలతో "ఏం చలండీ బాబూ" అని పలకరించుకున్నారు.

తూకం మేడమ్ ఆశంతా మాత్రం క్లబ్బువారి పాత మర్యాద మీద ఉంది. ముఖ్య అతిథి కొట్టిన మొదటి పిట్టను సభ ముందే కేంద్రంవారు కోసి, లోపలున్నది పళ్లెంలో పెట్టి చూపించాలి. గ్రంథి ఆవగింజంత ఉంటేనే వేట సాగుతుంది, లేకపోతే తుపాకులు దించేయాలి. ఒక్క పిట్ట పోయినా గోడ పక్క పెట్ట, దానిలాంటివి నూరైనా మిగులుతాయని ఆవిడ లెక్క.

ఆ రోజు వచ్చింది. ఉన్ని కోటులో ఉడికిపోతూ పెద్దాయన తుపాకీ ఎత్తారు. మొదటి పిట్ట పడింది. తూకం మేడమ్ వేదిక మీద దాన్ని కోసింది. కోసి, లోపలినుంచి తీసినదాన్ని పళ్లెంలో పెట్టింది. అది గుండ్రంగా, తెల్లగా, పెంకుతో సహా ఉంది.

"ఇది గుడ్డు" అంది ఆవిడ. మైకు పనిచేస్తూనే ఉంది.

అధ్యక్షుడు బావ వంక చూశాడు. బావ పళ్లెం వంక చూశారు. అప్పుడు పెద్దాయనే లేచి గొంతు సవరించుకున్నారు.

"మహాశయులారా! నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. కానీ కళ్లున్నవాణ్ణి. చలికి నీళ్లు గడ్డకడతాయి, నూనె గడ్డకడుతుంది. అలాంటిది పాపం ఒక చిన్న గ్రంథి గడ్డకట్టదా? ఇంత గట్టి చలికాలాన్ని మనకు ప్రసాదించిన ఈ కేంద్రానికి నా జోహార్లు! కాదన్నవారు చేతులెత్తండి."

తూకం మేడమ్ చెయ్యెత్తింది. ఆవిడ వేదిక మీద ఉంది కనుక సభికుల లెక్కలోకి రాదన్నారు. పౌరులైన మీరూ అక్కడే మూడో వరుసలో ఉన్నారు. మీ చేతులు చప్పట్లు కొట్టే పనిలో ఉన్నాయి.

వేట దివ్యంగా సాగింది. సాయంత్రం తూకం మేడమ్ గోడ వెనక్కి వెళ్లి చూసింది. గడ్డిలో గుడ్లు చల్లగా ఉన్నాయి. పెట్ట లేదు. ఆవిడ అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. కన్నీటి గ్రంథి అనుమతి లేని కాలంలో పనిచేసినందుకు సంజాయిషీ అడుగుతూ ఆవిడకు మెమో ఇచ్చారు.

విందులో మీరు మొహమాటపడకుండా తిన్నందుకు క్లబ్బు తరఫున కృతజ్ఞతలు. మీ వంతు ముక్కలో లోపల పచ్చగా, మెత్తగా ఒకటి తగిలింది. పచ్చసొన అని మీకు తెలుసు. పక్కనున్నాయన అదేమిటండీ అని అడిగారు. మీరు ఇటూ అటూ చూసి, గబుక్కున మింగేసి, "గ్రంథే, బాగా ముడుచుకుంది" అన్నారు.