బాణం గుర్తు వెంట వెళ్లవలెను

మనిషి కన్ను స్వతంత్రమైనది కాదు. దానికో అధికారి కావాలి. ఈ సత్యాన్ని గుర్తించిన మొట్టమొదటి మండలాఫీసు మన గోదావరి డెల్టాలోనే ఉన్నందుకు గర్వపడాలి. (ఊరి పేరు చెప్పను. చెబితే మా ఇంటి దాకా ఓ బాణం గీస్తారు.)

గోడ మీది బోర్డు చదవని జనం నేల మీద బాణం గీస్తే మాత్రం దాని వెంటే పోతారని ఓ శిక్షణా తరగతిలో తేలిందట. వెంటనే సుధాకర్ గారిని ‘దృష్టి మార్గదర్శక అధికారి’గా నియమించారు. పత్రాల మీద సంతకాలు కూడా ఆయనవే. బాణాలు గీసే పని ఆయన బుల్లియ్యకి అప్పగించాడు.

బుల్లియ్య నలభై ఏళ్లు కాలవ లాకుల మీద బాణాలు వేసిన మనిషి. ఆయన లెక్కలో బాణానికి ఒకటే అర్థం, నీళ్లు ఎటు పోతాయో అటు. అంచేత గుమ్మంలో చెంబుడు నీళ్లు పోసి, అవి పారిన దారినే పచ్చరంగు బాణాలు వేసుకుంటూ పోయాడు. అవి వరండా దాటి, రికార్డు గది చుట్టి, పెరట్లో తూము దగ్గర ఆగాయి. పనితనానికి వంక పెట్టడానికి లేదు.

యెహెజ్కేలు కొబ్బరి దింపు పనికి వెళ్తాడు. కూతురు సారికకి నర్సింగు సీటొచ్చింది. ఆ రోజు సాయంత్రం అయిదులోగా ఆదాయ ధ్రువపత్రం ఆన్‌లైన్లో ఎక్కించకపోతే ఆ సీటు జాబితాలో తర్వాతి పేరుకి పోతుంది. పత్రం సిద్ధంగానే ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. మూడున్నరకి ఆఫీసులో అడుగు పెట్టిన యెహెజ్కేలు అందరిలాగే తల వంచి, బాణాల వెంట నడిచి, తూము దగ్గర తేలాడు.

అక్కడ అప్పటికే నలభై మంది ఉన్నారు.

“సంతకం పెట్టేది ఎవరక్కా?” అని అడిగాడు.

“ఎవరో వత్తారంట. సోమవారం నుంచీ నేనే ముందు,” అంది సత్యకుమారి, మొదటి స్థానం తాలూకు గర్వంతో.

“వత్తారని ఎవరు చెప్పేరు?”

“చెప్పేదేంటి తమ్ముడూ, బాణం ఉందిగా!”

క్యూలో మూడోవాడు సాక్షాత్తూ బుల్లియ్యే. (ఆయనకీ ఓ సంతకం కావాలి.)

“గీసింది నువ్వే గదా బాబాయ్, ఇదెక్కడికి పోద్దో నీకు తెలీదా?”

“నీళ్లెటు పోతాయో అటు గీశాను. గీశాక మరి మనమూ ఎల్లాలి గదా!”

నాలుగుంపావుకి సారిక ఫోన్ చేసింది. “నాన్నా, అయ్యిందా?” యెహెజ్కేలుకి ఏడుపొక్కటే తక్కువ. దిక్కు తోచనప్పుడు అందరి తలా వాలిపోతే, చెట్లెక్కేవాడి తల అలవాటుకొద్దీ పైకి పోతుంది. తూము పక్కన కొబ్బరి చెట్టుంది. గెలలు ముదిరాయా లేదా అని చూశాడు. ఆ గెలల సందులోంచి మేడ గోడ మీద బోర్డు కనపడింది: ‘సంతకాలు మేడ మీద’. దాని కింద కిటికీలో సుధాకర్ గారు టీ తాగుతున్నాడు.

“ఆయన మేడ మీదున్నాడండోయ్!” అని అరిచి మెట్ల వైపు పరిగెత్తబోయాడు.

క్యూ అంతా అడ్డం తిరిగింది. “మాకు తెలీదేంటి ఈ ఎత్తులు? బాణం ఇటుంటే నువ్వటెల్తావా?” అంటూ సత్యకుమారి చొక్కా పట్టుకుంది.

యెహెజ్కేలు మరి వాదించలేదు. చేతులు కట్టుకుని, చెట్టెక్కే ముందు చూసినట్టు పైకి చూస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి సత్యకుమారి చెయ్యి వదిలి పైకి చూసింది. ఆమెని చూసి బుల్లియ్య చూశాడు. నిమిషంలో నలభై తలలూ లేచాయి.

ఆ సమయానికి సుధాకర్ గారు ‘ఈ వారం ఒక్కరూ రాలేదు గనుక మండలంలో సమస్యలు లేవు’ అని నివేదిక రాస్తున్నాడు. అంతలో వాళ్లందరూ బిలబిలమంటూ మెట్లెక్కేశారు.

“బాణాల వెంట వెళ్లలేదా?” అన్నాడు నొచ్చుకుని.

“ఎల్లేమండి. అక్కడ తూముందండి,” అన్నాడు యెహెజ్కేలు. “అయిదింటికి నా కూతురి సీటు పోద్దండి. దణ్ణం పెడతాను, ముందు నాది చేసెయ్యండి.”

“ఆయనది కానియ్యండి సారూ,” అంది సత్యకుమారి. నాలుగూ యాభైకి సంతకం పడింది. సారికకి సీటు దక్కింది.

మరుసటి వారం నివాస పత్రం కోసం యెహెజ్కేలు మళ్లీ వచ్చాడు. గెలలు ముదిరాయేమో చూద్దామని పెరట్లోకి వెళ్లి అలవాటుగా తలెత్తాడు. ఆకాశం తప్ప ఏమీ లేదు. చెట్టు లేదు, గోడ మీద బోర్డూ లేదు. మిగిలిన మొద్దు మీద పచ్చరంగుతో ఏదో రాసి ఉంటే వంగి చదివాడు.

‘గత వారం రద్దీకి కారణం: ఒక వ్యక్తి పైకి చూడటం. చూడటానికి ప్రేరేపించిన వస్తువులు తొలగించడమైనది. ఈ ఆవరణలో పైకి చూడదగినది ఇక ఏదీ లేదని ధ్రువీకరించడమైనది.’

కింద సుధాకర్ గారి సంతకం కూడా ఉంది. దాని కోసం ఎవరూ క్యూలో నిలబడలేదు.