మీ వీధి చివరే ఉన్నాను

ఆ రోజు పొద్దున పాలసీ అక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసులో మీటింగు తెమలగానే నేరుగా రిటైర్డ్ హెడ్మాస్టరు గారింటికి వెళ్ళాలి. ఆయన నెలల తరబడి నానుస్తున్న పెన్షన్ పాలసీ మీద సంతకం పెట్టించుకోవాలి. ఆ సంతకం పడితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు. ఆ ఇన్సూరెన్స్ బ్రాంచిలో ముగ్గురు ఏజెంట్లుంటే ఒకరిని తీసేసి ఆ పని యంత్రానికి అప్పజెబుతారని మేనేజరు వారం కిందట చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమెనే చూశాడు.

యంత్రమంటే ఇనప సామానేం కాదు. ఫోన్లో ఒక బొమ్మ, దాని పేరు సహాయకుడు. ఏజెంటు ఇన్నేళ్ళూ కస్టమర్లతో మాట్లాడిన కాల్స్ అన్నీ విని, అచ్చంగా ఆ గొంతుతో, ఆ తీరులోనే మాట్లాడుతుంది. మగపేరు పెట్టుకుని తన గొంతుతో మాట్లాడే ఆ వస్తువంటే ఆమెకు మొదటినుంచీ పడదు. అయినా వాడనివాళ్ళ పేరే ముందు కొట్టేస్తారని తోటి ఏజెంట్లు భయపెట్టారు. సరే, హెడ్మాస్టరుకి ఫోన్ చేసి మధ్యాహ్నం వస్తున్నానని చెప్పే పని దానికి పెడదామనుకుంది.

"నా కళ్ళజోడెక్కడ పెట్టావే?" హాల్లోంచి అత్తగారు కేకేసింది.

"మీ నెత్తిమీదే ఉందత్తయ్యా!"

"నెత్తిమీదుంటే నాకు తెలీదా?"

'ఎవరితో మాట్లాడాలి?' అని ఫోను అడిగింది. సరిగ్గా అప్పుడే పాలు పొంగాయి. ఒక చేత్తో గిన్నె దించుతూ రెండో చేతి బొటనవేలితో ఫోన్ మీద నొక్కింది. పైన హెడ్మాస్టరు పేరుంది, కింద 'అందరితో' అని ఉంది. వేలు కిందదాని మీద పడింది. పొయ్యి తుడిచే హడావిడిలో ఆమె అది చూసుకోలేదు.

మీటింగు గది గుమ్మంలోనే ఒక ప్లాస్టిక్ బుట్ట పట్టుకుని అందరి ఫోన్లూ తీసేసుకున్నారు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఆఫీసరమ్మ తెర మీద బొమ్మలు చూపిస్తూ 'రేపటి ఏజెంటు' గురించి మాట్లాడుతోంది. పాలసీ అక్కకు ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. హెడ్మాస్టరు సరేనన్నాడో లేదో తెలియదు. చెయ్యి మాటిమాటికీ ఖాళీ జేబులోకి పోతోంది. తెర మీద ఇప్పుడు ఒక బల్ల, దాని మీద కంప్యూటరు, దాని ముందు ఖాళీ కుర్చీ కనిపిస్తున్నాయి.

"అక్కా, ఆ కుర్చీలో మనిషి లేడు చూశావా?" పక్కనున్న పొట్టి ఏజెంటు గుసగుసలాడాడు.

"కస్టమరు దగ్గరికి వెళ్ళుంటాడ్లేరా."

"కాదక్కా. ఇంటికి పంపించేసుంటారు."

ఆమె ఇక్కడ ఇలా ఇబ్బంది పడుతుండగా ఊళ్ళో జరిగినదంతా తర్వాత గానీ తెలియలేదు. సహాయకుడు చాలా శ్రద్ధగల విద్యార్థి. పాలసీ అక్క పాత కాల్స్ అన్నిటిలోనూ ఎక్కువసార్లు వినబడిన మాటలు రెండేనని పసిగట్టాడు. మొదటిది, "మోకాళ్ళు ఎలా ఉన్నాయండీ?" రెండోది, "మీ వీధి చివరే ఉన్నాను, ఐదు నిమిషాల్లో మీ ముందుంటా." ఈ రెండోది లేనిదే ఆ వృత్తి సాగదు. రేపు వస్తానంటే కస్టమరు రేపు ఊళ్ళో ఉండడు. వీధి చివరే ఉన్నానంటే తప్పించుకోవడానికి టైముండదు. ఆమె ఆ మాట వంటగదిలోంచి చెప్పేది, తడిజుట్టు ఆరబెట్టుకుంటూ కూడా చెప్పేది. అది అబద్ధమని సహాయకుడికి తెలియదు. నమస్కారం లాంటి ఒక మర్యాద అనుకున్నాడు. అందుకని ఆమె నంబరు మీద నుంచే వరసబెట్టి అందరికీ ఆ మర్యాద చేశాడు.

బ్లౌజు కుడుతున్న టైలరమ్మ మిషను ఆపి టీకి నీళ్ళు పెట్టింది. హెడ్మాస్టరు గంటసేపు చూసి గొడుగు తీసుకుని ఎదురెళ్ళాడు. కుర్రవయసు డెంటిస్టు మాత్రం, "నా మోకాళ్ళకేమైంది?" అని కాసేపు కుర్చీలోంచి లేచి నడిచి చూసుకున్నాడు.

చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, టార్గెట్ తగ్గిన నెలల్లో ఏ ఏజెంటైనా ముందు పట్టుకునేది ఇంట్లోవాళ్ళనే. ఆ లెక్కన అత్తగారూ కస్టమరే, మొగుడూ కస్టమరే.

"నమస్కారమండీ. మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

అత్తగారు ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి ఒకసారి చూసుకుని మళ్ళీ పెట్టుకుంది. "ఎవరూ? కోడలా?"

"అవునండీ. మీ ఆరోగ్యమే నాకు ముఖ్యం."

"ఒరేయ్!" ఆవిడ పెట్టిన కేకకు, కింద కళ్ళజోళ్ళ షాపులో ఉన్న కొడుకు రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. "నీ పెళ్ళాం నా మోకాళ్ళెలా ఉన్నాయని అడుగుతోందిరా! దానికేదో అయింది!"

ఆయన నోరు తెరిచేలోగా ఆయన ఫోనూ మోగింది.

"నమస్కారమండీ. పిల్లల చదువులెలా ఉన్నాయి? వాళ్ళ భవిష్యత్తు గురించి ఏమైనా ఆలోచించారా?"

"ఏంటోయ్ అలా అడుగుతావ్? నిన్న పరీక్ష ఫీజు కట్టింది నువ్వేగా?"

"చాలా సంతోషమండీ. మీ వీధి చివరే ఉన్నాను, ఐదు నిమిషాల్లో మీ ముందుంటా."

ఆయన వీధి చివరికి పరుగెత్తాడు. అక్కడ ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. తిరిగి ఫోన్ చేస్తే ఎంతసేపూ ఎంగేజే. ఈలోగా విజిటింగ్ కార్డు మీద రెండో నంబరు ఈయనదే కావడంతో టైలరమ్మ ఫోన్ చేసింది.

"అన్నయ్యా, అక్క మా వీధి చివరున్నానంది. గంట దాటింది. ఎంత లేటైనా గంటలో వచ్చేస్తుంది కదా?"

ఆవిడ పెట్టేయగానే హెడ్మాస్టరు. "మా వీధి చివర ఉన్నానందయ్యా మీ ఆవిడ. ఆ వీధి చివర నేను నిలబడున్నాను. నేను తప్ప ఎవరూ లేరు."

మూడు వీధులూ ఊరికి మూడు మూలలు. పెళ్ళాం ఎక్కడో తలకు దెబ్బ తగిలి, ఎవరేంటో మర్చిపోయి వీధులు పట్టుకు తిరుగుతోందని ఆయన తేల్చుకున్నాడు. మోకాళ్ళ సంగతి సాక్ష్యంగా చూపించి అత్తగారు దాన్ని ఖాయం చేసింది.

మీటింగు గదిలో మేనేజరు లేచి గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఇది చూడండి. ఈ పొద్దున మనం ఇక్కడ టీ తాగేలోపు, పాలసీ అక్క తరఫున సహాయకుడు ఆమె కస్టమర్లందరితో మాట్లాడేశాడు. ఒక్కరు కూడా ఫోన్ పెట్టేయలేదు. అందరూ 'రండి' అన్నారు. కాబట్టి ఇక ఈ సీటుకి మనిషి అవసరం…"

"అందరితోనా?" పాలసీ అక్క కుర్చీలోంచి లేచింది. "ఏం మాట్లాడింది సార్?"

మేనేజరు గర్వంగా మీట నొక్కాడు. గది నిండా ఆమె గొంతు తియ్యగా మోగింది. "మీ వీధి చివరే ఉన్నాను!" తోటి ఏజెంట్లిద్దరూ తలలు వంచుకుని భుజాలు ఊగిపోయేలా నవ్వు ఆపుకున్నారు.

ఆఫీసరమ్మకు నవ్వు రాలేదు. "వీధి చివర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు మేడమ్. అది… మాట వరసకి," అని మేనేజరు నసిగాడు.

తలుపు ధడాలున తెరుచుకుంది. గొడుగుతో హెడ్మాస్టరు, మెడలో టేపుతో టైలరమ్మ, కాలికో రకం చెప్పుతో మొగుడు, నెత్తిమీద కళ్ళజోడుతో అత్తగారు, వెనక వరండా నిండా ఇంకా జనం. అత్తగారు తిన్నగా వచ్చి కోడలి గడ్డం పట్టుకుంది.

"నేనెవర్నో చెప్పు."

"అత్తయ్యా! ఏంటిది, అందరి ముందూ?"

"నా మోకాళ్ళెలా ఉన్నాయి?"

"నాకేం తెలుసు?"

అత్తగారు పెద్దగా ఊపిరి వదిలింది. "బానే ఉందిరా. ఇది మన పిల్లే."

అంత జనాన్ని చూసేసరికి మేనేజరుకు చెమటలు పట్టాయి. "కంగారు పడకండి, కంప్లయింట్లన్నీ రాసుకుంటాం."

"కంప్లయింటేంటయ్యా?" అన్నాడు హెడ్మాస్టరు. "ఈ అమ్మాయి వీధి చివరున్నానంటే ఇంకా ఇల్లు కదల్లేదని అర్థం. అది మాకందరికీ తెలుసు. కానీ గంటలో వచ్చి తీరుతుంది. ఇవాళ రాలేదు. ఏమైందో చూద్దామని వచ్చాం."

పాలసీ అక్కకు నేల చీలితే బాగుండుననిపించింది. ఇన్నేళ్ళూ తను చెప్పిన అబద్ధాన్ని ఒక్కరూ నమ్మలేదు. నమ్మకుండానే అందరూ టీకి నీళ్ళు పెట్టారు.

ఆఫీసరమ్మ మేనేజరు వైపు తిరిగింది. "మాట ఇవ్వడానికి యంత్రం చాలు. వెళ్ళడానికి మనిషి కావాలి. ఆ మనిషిని మీరిక్కడ కూర్చోబెట్టారు. ఇంతకీ రోజూ మీరు చేసే పనేంటి?"

"ఏజెంట్లకి ఫోన్ చేసి, ఎక్కడిదాకా వచ్చారని అడుగుతుంటాను మేడమ్."

ఆఫీసరమ్మ తెర మీది బొమ్మను కాసేపు చూసింది. "ఆ మాట ఈ యంత్రం అడగలేకపోతుందా?"

ఆఫీసరమ్మ తన కాగితాలు సర్దుకుంది.

"ఆమె సీటు ఆమెకే ఉంటుంది. మీరు రేపటిదాకా ఎందుకు, ఇవాళే ఆమె బ్యాగు పట్టుకుని వెంట వెళ్ళండి. పని నేర్చుకోవచ్చు."

పాలసీ అక్క బుట్టలోంచి ఫోన్ తీసుకుని, ఆశగా హెడ్మాస్టరు ముందు కాగితాలు పెట్టింది. ఆయన గొడుగుతో వాటిని పక్కకు నెట్టాడు. "ఇక్కడా? ఎండలో నిలబెట్టావు నన్ను. ఇంటికొచ్చి పెట్టించుకో." ఆ మాట మిగతావాళ్ళకూ నచ్చింది.

ఆ మధ్యాహ్నం మొదలుపెట్టి, కాళ్ళకు బలపం కట్టుకుని సహాయకుడు మాటిచ్చిన ప్రతి ఇంటికీ తిరిగింది. అన్ని ఇళ్ళలోనూ టీ తాగింది. హెడ్మాస్టరు సంతకం పెట్టాడు. మేనేజరు బ్యాగు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటూ వెనకే రొప్పాడు. దార్లో ఆమె ఫోన్ మోగింది. ఎత్తితే మేనేజరు గొంతు. "ఎక్కడిదాకా వచ్చారు?" ఆమె పక్కకు చూసింది. మేనేజరు నోరు మూసుకునే ఉన్నాడు, మొహం మాత్రం పాలిపోయింది.

చీకటి పడేవేళకు మేనేజరును వదిలించుకుని, తమ వీధి చివర దీపస్తంభానికి ఆనుకుని ఆమె ఇంటికి ఫోన్ చేసింది.

"ఏమండీ, వీధి చివరే ఉన్నాను. కాళ్ళు పడిపోతున్నాయి. కాస్త వేణ్ణీళ్ళు పెట్టండి."

"అమ్మా, నీ కోడలు వీధి చివరుందట," అన్న మొగుడి మాటా, దాని వెనకే అత్తగారి మాటా వినబడ్డాయి. "అయితే ఇంకా గంట టైముంది. తాళం వేసి పదరా, కూరగాయలు తెచ్చుకుందాం." ఆమె ఆగండనేలోపే ఫోన్ కట్టయింది.

ఇన్నేళ్ళలో మొదటిసారి నిజం చెప్పినందుకు పాలసీ అక్క ఆ గంటా తాళం వేసిన తన గుమ్మం ముందే నిలబడింది.