సగంబావ చెక్కిన నవ్వు

సగంబావ ఏ పని మొదలుపెట్టినా సగంలో చెక్కేస్తాడు. ఏళ్ళ తరబడి చెక్కేస్తున్నాడు కనుక చెక్కడం తనకు వచ్చేసిందనుకున్నాడు కాబోలు, ఒకనాడు ఉలి పట్టాడు.

ఆ పేరు పెట్టింది వడ్రంగి బావమరిది. పెట్టడూ మరి? ఆ ఇంట్లో గోడకు సగం దాకానే సున్నం. స్టూలుకు మూడే కాళ్ళు. వంటింటి అలమరకు ఒకటే తలుపు. బావగారు పూర్తిగా సాధించుకున్నది అర్ధాంగిని ఒక్కదాన్నే. ఆవిడా పేరుకు సగమే!

అలాంటి మనిషి బంధువులందరి ముందూ ఛాతీ విరుచుకుని, "మన దేవుడి గూట్లోకి అమ్మవారిని నా చేత్తో చెక్కి, రంగులేసి నిలబెడతా! ఇదే నా మొక్కు!" అనేశాడు.

"సగంలో ఆపితే?" అంది భార్య.

"మీ తమ్ముడు పెట్టిన పేరే నాకు ఖాయం. పిలిస్తే పలుకుతా కూడా!"

బావమరిది మెత్తటి చెక్కలూ, ఉలులూ తెచ్చి ఇచ్చాడు. ఇక ఇల్లంతా చెక్కపొట్టే. టీలో పొట్టు, దిండులో పొట్టు, దువ్వెనలో పొట్టు.

మొదటి చెక్కలో ముక్కు ఎగిరిపోయింది.

"మొక్కుకి ముక్కు అడ్డొచ్చిందోయ్!"

"అందుకే అడ్డం తీసేశారా?" అంది భార్య.

రెండో చెక్కలో ఆశీర్వదించే చెయ్యి వీపు వైపుకి తిరిగింది.

"చెయ్యి తిరిగిన శిల్పి అంటే ఇదా అండీ?"

మూడో చెక్కలో మాత్రం అమ్మవారు నిజంగానే వచ్చింది. చీరకు ఎరుపు, అంచుకు పసుపు, రవికకు ఆకుపచ్చ, అన్నీ కుదిరాయి. మిగిలింది పెదవులు. కుంచె అక్కడ మొరాయించింది. ఎలా గీసినా అమ్మవారికి పంటినొప్పిలాగే ఉంది!

"బతికున్న నవ్వు చూసి వెయ్యాలి బావా! ఇంట్లో అక్క లేదూ?" అన్నాడు బావమరిది.

సగంబావ ఆలోచనలో పడ్డాడు. ఆవిడ నవ్వు ఏ పక్క మొదలవుతుంది? కుడివైపా, ఎడమవైపా? ఇన్నేళ్ళ కాపురంలో తాను తేరిపార చూడనే లేదని తెలిసి మనసు చివుక్కుమంది. అడిగి నవ్వమంటే ఫొటో నవ్వు వస్తుంది. అందుకని చెప్పకుండా నవ్వించి, దొంగచాటుగా చూసి గీసేయాలని పథకం వేశాడు.

ముందు ఒక జోకు విసిరాడు. ఆవిడ మూడుకాళ్ళ స్టూలు వంక చూసి నిట్టూర్చింది.

పరుగున వెళ్ళి నాలుగో కాలు బిగించాడు. ఆవిడ పెదవి కదిలింది! కుంచె అందుకునేలోగా చూపు గోడ మీదికి పోయింది. పెదవి మళ్ళీ బిగిసింది.

గోడకు సున్నం పూర్తి చేశాడు. పెదవి ఇంకాస్త విచ్చింది.

"అలమరకి రెండో తలుపుంటే ఎంత బాగుండేదో!" అంది ఆవిడ, గాలితో చెప్పినట్టు.

తలుపు బిగిస్తూ వేలు నలగ్గొట్టుకున్నాడు. చేతిలో ఉలి లేకుండానే ఉలిక్కిపడ్డాడు. సుత్తి ఎగిరి రంగు డబ్బాల మీద పడింది. మీసం ఎర్రబడింది, బట్టతల పచ్చబడింది.

ఆవిడ పకాలున నవ్వింది.

"కదలకు! అలాగే నవ్వు!" అంటూ మీసం మీది ఎరుపులోనే కుంచె అద్ది, ఒక్క గీత గీశాడు. నవ్వు ఎడమ పక్క మొదలైంది! చెక్కలోని అమ్మవారు, ఇంటికొచ్చిన బిడ్డను చూసినట్టు నవ్వింది.

"పూర్తయిందే! నేనిక సగంబావని కాను!"

అప్పుడే బావమరిది గుమ్మంలోకి వచ్చాడు. "అక్కా, స్టూలూ గోడా అలమరా అన్నీ అయ్యాయా?"

"అయ్యాయిరా తమ్ముడూ! నువ్వు చెప్పావని ఇన్నాళ్ళూ నవ్వు బిగబట్టేసరికి దవడలు పీకేశాయి!"

సగంబావ నోరు తెరిచాడు. "అంటే... మీ ఇద్దరూ కలిసి..."

"చెక్కని మీరు చెక్కారు. మిమ్మల్ని మేం చెక్కాం," అంది ఆవిడ, పచ్చని బట్టతల కొంగుతో తుడుస్తూ.

సిగ్గుతో తల దించుకుని, అమ్మవారిని ఎత్తుకుని దేవుడి గూటి దగ్గరికి నడిచాడు. ముగ్గురూ ఆగిపోయారు. గూటికి మూడు పక్కలా పలకలున్నాయి. పైకప్పు లేదు.

ఆవిడ నవ్వు టక్కున మాయమైంది.

సగంబావ సుత్తి అందుకున్నాడు. చెయ్యి మేకు మీద ఉంది గానీ, కన్ను మాత్రం ఆవిడ పెదవి ఎడమ కొస మీదే ఉంది.