జానెడు మెట్టు

కాఫీ చల్లారిపోయింది. హాల్లోంచి వంటింట్లోకి దిగే మెట్టు జానెడు ఎత్తని నేత్రావతి అంటే, జానెడు కాదు, తొమ్మిదంగుళాలని ఆమె భర్త హనుమంతరాయప్ప టేపు సాగదీసి చూపించాడు.

"ఇరవై ఏండ్లుగా ఎక్కి దిగతాండా. జానెడే."

"జానా బెత్తా అంటే మేస్త్రీ నవ్వతాడు. అంగుళాల్లో చెప్పల్ల. వీడియోలో అదే చెప్పినాడు."

"రెండూ ఒకటే కదరా," అంది అత్త ఆంజినమ్మ. దాంతో ఇద్దరి కోపమూ ఆమె మీదికి తిరిగింది.

అనుకున్న పని చిన్నదే. వంటింటి నేలను హాలు మట్టానికి లేపి, ఆ మెట్టు లేకుండా చేయాలి. నేత్రావతి మోకాళ్ళు చూసిన పావగడ టౌను డాక్టరు మాత్రలు రాసిచ్చి, మెట్లు తగ్గించుకోమన్నాడు. ఇంట్లో ఉన్నది ఒకే మెట్టు. ఆమె దాన్నే రోజుకు ఎనభైసార్లు ఎక్కి దిగుతుంది, అదీ చేతిలో గిన్నెలతో.

పొలమంతా సోలార్ పార్కు ప్యానెళ్ళ కిందికి పోయినప్పటి నుంచి హనుమంతరాయప్పకు తెల్లారి లేచి పోయే చోటు లేదు. ఒకప్పుడు వేరుశనగ మీద పెట్టిన శ్రద్ధంతా ఇప్పుడు ఫోన్లో వచ్చే సొంతింటి సలహాల మీద పెడుతున్నాడు. ఇల్లు బాగుచేసుకునేటప్పుడు జనం చేసే పది తప్పులూ కంఠతా పట్టాడు.

"వంటిల్లు ఆఖర్న చెయ్యల్లంట. ముందు హాల్లో టైల్సు."

"హాలుకేమొచ్చింది? బండలు బాగానే ఉండాయి కదా."

"బండల మీదే వేస్తారు, పగలగొట్టేదేం లేదు. హాలు మట్టం తేలినాకే వంటింటి మట్టం."

పార్కు కౌలు డబ్బులు వచ్చాక చుట్టుపక్కల ప్రతి ఊళ్ళోనూ ఏదో ఒక ఇల్లు లేస్తూనే ఉంది. మూడు నెలలు బతిమాలితే గాని బోరన్న మేస్త్రీ దొరకలేదు. వచ్చినవాడు నీళ్ళ ట్యూబుతో మట్టం చూసి, హాలు గోడ మీద ఎర్రరంగుతో గీత గీశాడు.

"ఈ గీతకు సరిగ్గా మూడడుగుల కింద కొత్త నేల. నేను సోమవారం వస్తా. దీన్నెవురూ ముట్టుకోవాకండి."

ముట్టుకోకుండా ఉండగలిగేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. పని మొదలుపెట్టిన గోడ బోసిగా ఉండకూడదని, శుక్రవారం ఆంజినమ్మ దానికి పసుపు రాసి అడ్డంగా కుంకుమ గీత పెట్టింది. కొడుకు ఆ గోడకే ఆనుకుని ఫోను చూస్తాడు, తల తగిలితే కుంకుమ చెరిగిపోతుందని, ముందుచూపుతో మేస్త్రీ గీతకు బెత్తెడు పైన పెట్టింది. ఆమె ముందుచూపు తప్పలేదు. ఆదివారానికల్లా కొడుకు నూనె తల మేస్త్రీ గీతను ఆనవాలు లేకుండా తుడిచేసింది. కుంకుమ చెక్కుచెదరలేదు.

సోమవారం వచ్చిన బోరన్న, తన గీతకు పూజ చేసిన ఇల్లు ఇదొక్కటేనని మురిసిపోయి, కుంకుమ దగ్గర నుంచి మూడడుగులు కొలిచాడు.

"రాయప్పన్నా, ఇసుక శానా పడతాండాది. మట్టం ఎక్కువైనట్లుండాదే?"

"పడనీప్పా. కింద ఇసుక మందంగా ఉంటే ఇల్లు చల్లగా ఉంటాదంట."

మూడో రోజు మేస్త్రీకి కాఫీ తీసుకుని పైకి ఎక్కబోయిన నేత్రావతి కాలెత్తి అలాగే ఆగిపోయింది. టేపుకు తెలియనిది మోకాలికి తెలిసింది.

"మెట్టు పెరిగింది."

"నీ వయసు పెరిగింది," అన్నాడు భర్త, ఫోను మీంచి తలెత్తకుండా.

టైల్సు ఆరాక, పనికోసం ఊడదీసిన వీధి తలుపును మళ్ళీ తగిలిస్తే అది తిరగలేదు. బోరన్న దాని అడుగున బెత్తెడు కోశాడు. తలుపు తిరిగింది గాని గడప కనిపించలేదు.

"బోరన్నా, గడప యాడప్పా?" అంది ఆంజినమ్మ.

"ఆడే ఉండాది అవ్వా. టైల్సు కింద."

"కింద ఉండేదానికి నేనెట్ల పసుపు పూసేది? గడప లేకుండా ఇదేమన్నా బస్టాండా?"

పాత గడప మీద కొత్త గడప వేశారు. తలుపును రెండోసారి కోశారు. గడప ఎంత లేచిందో ద్వారం అంత కురచైంది. ఆ సాయంత్రమే హనుమంతరాయప్ప నుదుటి మీద బొప్పి కట్టింది. ఇంట్లోకి వంగి రావడం మర్యాదేనని తల్లి సర్దిచెప్పింది.

పాత గడపకు నీళ్ళు పోయే తూము ఉండేది. కొత్తదానికి పెట్టాలని ఎవరికీ తోచలేదు. మొదటిసారి హాలు కడిగిన రోజు నీళ్ళు వీధిలోకి దారి దొరక్క, హాలంతా తిరిగి తిరిగి వంటింట్లోకి దూకాయి. బియ్యం మూట తడిసింది. రాగిపిండి డబ్బా తేలింది. నేత్రావతి చీర ఎగదోపుకుని నీళ్ళు తోడుతుంటే, బోరన్న వంటింటి అంచున అడ్డంగా ఓ కట్ట కట్టాడు. "నాలుగంగుళాలే అక్కా," అన్నాడు. జానెడు మెట్టు మోకాలెత్తయింది. దిగడానికి ఆసరాగా మధ్యలో ఒక రాయి వేశారు. అది కదులుతుంది.

"ఇంక వంటిల్లు లేపు బోరన్నా. నిన్ను పిలిచింది దానికే," అంది నేత్రావతి. ఆమెకు అరిచే ఓపిక కూడా లేదు.

బోరన్న కిందికి దిగి టేపు పట్టాడు. నేల చూశాడు, పైన రేకులు చూశాడు, తల గోక్కున్నాడు.

"ఇంత లేపితే రేకులు నీ తలకు తగల్తాయక్కా. ఎండాకాలం రొట్టె నెత్తిమీదే కాల్చుకోవచ్చు. రేకులు లేపల్లంటే గోడలు లేపల్ల, గోడలు లేపల్లంటే..."

"ఇంక చెప్పాకప్పా."

ఆ మధ్యాహ్నం బోరన్నతో సహా అందరూ కొత్త టైల్సు మీద భోజనానికి కూర్చున్నారు. రాగిముద్ద, ఉలవచారు. చారుకని ఒకసారి, నీళ్ళకని ఒకసారి, ఉప్పుకని ఒకసారి, అత్తకు మెత్తటి అన్నానికని ఒకసారి నేత్రావతి దిగి ఎక్కింది. ఆఖరికి తన కంచం ముందు కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

"మజ్జిగ," అన్నాడు హనుమంతరాయప్ప.

ఆమె లేవలేదు. నోట్లోది మింగి చెప్పింది.

"మజ్జిగ కిందుండాది. రేపట్నుంచి పొయ్యి ఈడే, ఈ కిటికీ దగ్గర. నీ చాప, నీ టీవీ వంటింట్లోకి దింపుకో."

"హాల్లో వంటేంది? వచ్చినోళ్ళు ఏమనుకుంటారు?"

"వచ్చినోళ్ళు ముందు వాళ్ళ బొప్పి చూసుకుంటారులే."

"నీళ్ళ పైపు ఈ గోడకవతలే ఉండాదన్నా. ఒక్క దినం పని," అన్నాడు బోరన్న, ఎవరి ముఖమూ చూడకుండా.

"నాకు చారు వేడిగా అందుతాది," అంది ఆంజినమ్మ.

తల్లి కూడా అటే చేరేసరికి హనుమంతరాయప్ప లేచి మజ్జిగకు బయల్దేరాడు. రాయి మీద అడుగు వేసిన చప్పుడు, రాయి కదిలిన చప్పుడు, ఓ గిన్నె దొర్లిన చప్పుడు వరసగా వినిపించాయి. పైకి వచ్చినప్పుడు ఒక చేతిలో సగం చెంబు మజ్జిగ ఉంది, రెండో చెయ్యి నడుం మీద ఉంది. మెల్లగా కూర్చున్నాడు. రెండు గుక్కలు తాగి, అందరికీ వినపడేలా చెప్పాడు.

"నేను బాగా ఆలోచించినా. రేపట్నుంచి వంట హాల్లోనే."

నేత్రావతి కాదనలేదు. ఆలోచన ఎవరిదైతేనేం, మోకాళ్ళు తనవి.