సంతకం లేని ప్రణాళిక

ఆ సోమవారం చీటీలమ్మ పెట్టుకున్న పని చిన్నదే. అందరికంటే అరగంట ముందు గోదాముకి వెళ్ళి, ఒకే ఒక్క కాగితం ప్రింటు తీసుకుని, మడిచి బ్యాగులో పెట్టుకోవాలి. సాయంత్రం ఇంటికొచ్చి దాన్ని బీరువా తలుపుకి లోపలివైపు అతికించాలి. అంతే.

గాజు సీసాల గోదాములో ఆమె తొమ్మిదేళ్ళుగా లోడు చీటీలు రాస్తోంది. ఏ లారీలో ఎన్ని పెట్టెలు ఎక్కినా ఆమె చీటీ లేకుండా గేటు దాటవు. అందుకే ఆ పేరు. ముప్పై మూడేళ్ళు వచ్చాక ఆమెకి బిజినెస్ స్కూల్లో చేరాలని మనసు పుట్టింది. సాయంత్రం తరగతులు, నలభై సీట్లు, వాటి కోసం వేలమంది. ప్రవేశ పరీక్ష ఆరు నెలల్లో. ఆమె భయమల్లా లెక్కలే. ఎనిమిదో తరగతిలో శాతాలతో చెడిన స్నేహం మళ్ళీ కలవలేదు.

ఈ సంగతి భర్తకి తప్ప ఎవరికీ తెలియదు. ఇంతకుముందొకసారి కారు నేర్చుకుంటున్నానని అందరికీ చాటి, లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది. ఏడాదిపాటు కనపడ్డవాళ్ళంతా కారెక్కడ అని అడిగారు. ఇక మీదట ఏ పనైనా అయ్యాకే నోరు విప్పాలని ఒట్టు పెట్టుకుంది.

కాగితం ప్రింటుకి పంపితే మిషను రెండుసార్లు మూలిగి ఊరుకుంది. మూత తీసి మూసినా, పక్కన ఒకటి చరిచినా కదల్లేదు. ఇంతలో గేటు దగ్గర లారీ హారను మోగింది. ఆమె స్విచ్చి ఆపేసి పరిగెత్తింది.

తొమ్మిదింటికి మేనేజరు వచ్చాడు. మనిషి మంచివాడే కానీ, హెడ్డాఫీసు నుంచి వచ్చే ఉత్తరాలు వేళకి చూసే అలవాటు లేదు. చూడలేదన్న సంగతి ఏరోజు బయటపడుతుందో అని ఆయనకి ఎప్పుడూ గుండెదడ. స్విచ్చి వేయగానే మిషను బుద్ధిగా ఒక కాగితం ఆయన చేతిలో పెట్టింది. పైన పెద్ద అక్షరాలతో ‘ఆరు నెలల ప్రణాళిక’ అని ఉంది. కింద పేరు లేదు, సంతకం లేదు. సంతకం కూడా అక్కర్లేదనుకున్నారంటే చాలా పైనుంచే వచ్చి ఉంటుందని ఆయన తేల్చుకున్నాడు. తన సంతకం చేసి నోటీసు బోర్డుకి గుచ్చాడు.

లారీని సాగనంపి చీటీలమ్మ లోపలికి వచ్చేసరికి బోర్డు ముందు గుంపు. మొదటి నెల, రోజూ పొద్దున్న రెండు గంటలు, శాతాలు, సగటులు, నిష్పత్తులు. రెండో నెల, బలహీనమైనవాటిని గుర్తించాలి, బాగుపడవనిపిస్తే నిర్దాక్షిణ్యంగా వదిలెయ్యాలి. ఆ పైన చదివే ధైర్యం ఎవరికీ లేకపోయింది. రెండో నెల దగ్గరే అందరి కళ్ళూ నిలిచిపోయాయి. ముప్పై ఏళ్ళుగా ఆ గోదాముని కనిపెట్టుకుని ఉన్న స్టోర్‌కీపరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఆ బాగుపడని సరుకుని నేనేనమ్మా,” అన్నాడు ఆమెతో, మెల్లిగా.

ఆమె నోరు తెరిచింది. అప్పటికే మేనేజరు, ఈ సంగతి తనకి పోయిన వారమే తెలుసునని, హెడ్డాఫీసు తనని సంప్రదించాకే పంపిందని అందరికీ చెబుతున్నాడు. నలుగురిలో ఆయన పరువు తీయడం ఇష్టం లేక ఆమె నోరు మూసుకుంది. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదామని వెళ్తే, ఆయన ఫోన్లో హెడ్డాఫీసు అధికారికి ప్రణాళిక అమలు మొదలైందని విన్నవిస్తున్నాడు. అవతలి అధికారికి ఏ ప్రణాళికా తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఆయనకీ నామోషీ. చాలా సంతోషం, శ్రద్ధగా కొనసాగించమన్నాడు.

“చెప్పేస్తే పోలా? ఒక్క ముక్క,” అన్నాడు భర్త ఆ సాయంత్రం.

“పొద్దున్న ఒక్క ముక్కేనండీ. ఇప్పుడు హెడ్డాఫీసు దాకా పాకింది.”

మర్నాడు భోజనాల వేళ స్టోర్‌కీపరు కొత్త నోటుపుస్తకం పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. రెండేళ్ళలో ఎలాగూ దిగిపోతానని, ఈలోగా ఎవరూ దింపెయ్యకుండా రోజూ అంకెలు రాసే చెయ్యి కాబట్టి ఆ శాతాలేవో కాస్త నేర్పమని అడిగాడు. అంత పెద్దాయన అడుగుతుంటే కాదనడానికి ఆమెకి నోరు రాలేదు. బుధవారం పొద్దున్న ఏడింటికి ఆయనొక్కడే వచ్చాడు. గురువారం ఫోర్క్‌లిఫ్టు నడిపే అక్క వచ్చింది. వారం తిరిగేసరికి ఖాళీ పెట్టెలు బోర్లించుకుని పదకొండు మంది కూర్చున్నారు. వెనక మేనేజరు తనిఖీకి వచ్చినట్టు నిలబడి, గుట్టుగా చిన్న పుస్తకంలో రాసుకునేవాడు.

చీటీలమ్మకి ఊపిరాడలేదు. ముందురోజు సాయంత్రం తనకి సగం అర్థమైంది తెల్లారి వాళ్ళకి చెప్పాలి. చెబుతూ ఉంటే స్టోర్‌కీపరు ప్రతి మెట్టు దగ్గరా ఎందుకని అడిగేవాడు. పుస్తకంలో అలాగే ఉందంటే ఒప్పుకునేవాడు కాదు. ఆమె ఇంటికెళ్ళి ఆ ‘ఎందుకు’ల వెంట పడేది. భర్త పొద్దుటి వంటా, పాపకి జడ వేయడమూ తన నెత్తిన వేసుకున్నాడు. మొదటి పదిరోజులూ పాప రెండు జడలూ రెండు ఎత్తుల్లో ఉండేవి. ఆ పిల్ల ఒక్కమాట అనలేదు.

మూడో నెలలో వారం వారం పరీక్షలు మొదలయ్యాయి. నాలుగో నెల కింద ‘చేసిన ప్రతి తప్పూ పుస్తకంలో రాయాలి, రెండోసారి చెయ్యకూడదు’ అని ఉంది. ప్యాకింగు వాళ్ళు దాన్ని తమకి తోచినట్టు అర్థం చేసుకుని, పగిలిన ప్రతి సీసా ఎందుకు పగిలిందో రాయడం మొదలుపెట్టారు. రెండు నెలల్లో పగుళ్ళు మూడో వంతుకి దిగాయి. ఎంత శాతం దిగాయో కూడా వాళ్ళే లెక్కగట్టి గోడకి రాశారు. ఆ అంకె హెడ్డాఫీసు చేరింది. ఇంత గొప్ప ప్రణాళిక ఎవరిదో చూద్దామని, పరీక్షకి సరిగ్గా పన్నెండు రోజుల ముందు సాక్షాత్తూ డైరెక్టరు గారే దిగారు.

అందరూ లోడింగు హాల్లో నిలబడ్డారు. ఇది ఎవరి ఆలోచన అని డైరెక్టరు అడిగాడు. మేనేజరు వినయంగా, తమరి ఆఫీసుదేనండీ అన్నాడు. ఆనాడు ఫోన్లో శ్రద్ధగా కొనసాగించమన్న అధికారి, డైరెక్టరు వెంటే వచ్చినవాడు, పైకప్పు కేసి చూశాడు.  చీటీలమ్మ ఉద్యోగం పోతే పోయిందనుకుని ముందుకు వచ్చింది.

“ఆ కాగితం నాదండీ. నా పరీక్ష కోసం నేను రాసుకున్నది. ఎవర్నీ తీసెయ్యడానికి కాదు. మొదటిరోజే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. అందరూ నన్ను క్షమించాలి.”

మేనేజరు మొహం సున్నం కొట్టినట్టయింది. మిగతా పదకొండు మందిలో ఒక్కరూ ఉలిక్కిపడలేదు. స్టోర్‌కీపరు గొంతు సవరించుకున్నాడు.

“మాకు రెండో వారమే తెలిసిపోయిందమ్మా. ఆ సోమవారం అందరికంటే ముందొచ్చింది నువ్వే. ఆరో నెల కింద, హాల్‌టికెట్టు, రెండు పెన్సిళ్ళు, సరిపడా నిద్ర అని ఉంది. మనం నిద్రపోవాలని హెడ్డాఫీసు ఎప్పుడు కోరుకుంది?”

 మరి రోజూ ఏడింటికల్లా ఎందుకొచ్చారని అడిగింది ఆమె.

“మేం మానేస్తే నువ్వూ మానేస్తావేమోనని,” అంది ఫోర్క్‌లిఫ్టు అక్క. “మా పెద్దాయన అడిగే ప్రశ్నలున్నాయే, అవన్నీ నీకోసం ముందురోజు మేమంతా కూర్చుని తయారుచేసినవే.”

చీటీలమ్మ అక్కడే ఒక పెట్టె మీద కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆర్నెల్లుగా వీళ్ళని తను మోస్తున్నాననుకుంది. ఇన్ని పొద్దులు, ఇంతమంది, ఒక్క మాటైనా పైకి పొక్కనివ్వకుండా తనని మోశారు. డైరెక్టరు కాగితాన్ని బోర్డు నుంచి ఊడదీసి రెండుసార్లు చదివాడు. తాము పంపినవేవీ ఇంత బాగా అమలు కాలేదని మాత్రం అని, దాన్ని ఆమె చేతికిచ్చి, పరీక్షకి ముందు వారం సెలవు రాసి వెళ్ళాడు.

ఎప్పుడు దరఖాస్తు పెట్టాడో గానీ, పరీక్ష హాల్లో ఆమెకి రెండు వరసల ముందు మేనేజరు కూర్చుని ఉన్నాడు. ఆయన పరీక్ష గట్టెక్కలేదు. తను వెళ్ళింది పర్యవేక్షణకేనని అందరికీ చెప్పాడు, అందరూ నమ్మినట్టే తలూపారు. చీటీలమ్మకి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఇంటర్వ్యూ రోజు పాప తనే జడ వేసుకుంది. స్టోర్‌కీపరు ఆమె కంటే ముందే వెళ్ళి బిజినెస్ స్కూలు గేటు దగ్గర నిలబడ్డాడు.

లోపల ముగ్గురు కూర్చున్నారు. నలుగురిని కూడగట్టి నడిపించిన పని ఏదైనా చెప్పమన్నారు. తనెవర్నీ నడిపించలేదని, పదకొండు మంది కలిసి తనకి తెలియకుండా తననే నడిపించారని, తను చేసిందల్లా రోజూ వాళ్ళ ముందు నిలబడి తప్పులు చెయ్యడమేనని ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది.

ముగ్గురిలో మధ్యన కూర్చున్నాయన దాన్ని ‘నాయకత్వం’ అన్న గడిలో రాసుకున్నాడు.