ముందే వెళ్లిన తాళంచెవి

ఆ ఉదయం శీనయ్య అనుకున్నది ఒక్కటే: ఉదయగిరి సబ్‌జైలు నుంచి వ్యానెక్కాలి, ఆత్మకూరు కోర్టులో బెయిలు తెచ్చుకోవాలి, సాయంత్రానికి ఇంట్లో అన్నం తినాలి. పంచాయతీ మోటారు గది తాళం పగలగొట్టాడన్నది అతని మీద కేసు.

హెడ్‌కానిస్టేబుల్ రాజమోహన్ అతన్ని వ్యాను వెనక ఎక్కించి, ఊచల తలుపుకు తాళం వేసి, తాళంచెవిని కానిస్టేబుల్ జోయల్ చేతికిచ్చి మోటారుసైకిల్ మీద ముందు పంపించాడు. ఖైదీ, తాళంచెవి ఒకే బండిలో పోకూడదన్నది ఆయన సొంతంగా పెట్టుకున్న పద్ధతి.

"దోవలో ఏమన్నా అయితే ఎట్ట సార్?" అన్నాడు శీనయ్య.

"ఏమైతుందిరా? నోరు మూసుకోని కూర్చో."

సగం దారిలో ఇంజను దగ్గర పొగ లేచింది. డ్రైవరు, రాజమోహన్ కిందికి దూకారు. శీనయ్యకు ముందు పొగ, ఆ వెనకే మంట కనిపించాయి.

"సార్! తలుపు తీయండి సార్!"

"చెవి జోయల్ దగ్గర ఉండాదిరా!"

"ఫోన్ చెయ్యండి!"

"బండి మీద ఫోన్ ఎత్తితే సస్పెండ్ చేయిస్తానని నేనే చెప్పినాను!"

"మంటలార్పే సిలిండరో?"

"తనిఖీకి కొత్తగా కనపడాలని స్టేషన్ బీరువాలో పెట్టినాము!"

డ్రైవరు తాగే నీళ్ల బాటిల్ గుమ్మరించాడు. మంట ఖాతరు చేయలేదు. రాజమోహన్ రాయి తీసుకుని తాళాన్ని కొట్టబోతే, అది ఆయన బొటనవేలికే తగిలింది.

"నువ్వే పగలగొట్రా శీనా! ఇదిగో రాయి!"

శీనయ్య ఊచల్లోంచి చెయ్యి చాపి, మళ్లీ లాక్కున్నాడు. "నేను కొట్టను సార్. ఇయ్యాల నా బెయిలు. ఉండే తాళం కేసు చాలదా?"

"ఒరే, కాలిపోతావురా! కేసు పెట్టను, మా అమ్మ మీద ఒట్టు!"

ముందు సీటు అంటుకుంది. శీనయ్య ఇంక ఆలోచించకుండా రాయి అందుకున్నాడు. ఒక్క దెబ్బ. తాళం ఊడి రోడ్డు మీద పడింది. అతను దూకిన కాసేపటికే వ్యాను మొత్తం భగ్గుమంది.

బస్సెక్కి కోర్టుకు చేరేసరికి శీనయ్య కేసు పిలుస్తున్నారు. అతని లాయరు సుధారాణి లేచి, "ఈయన కుడి చేతిలో బలమే లేదండీ, తాళం పగలగొట్టడం ఈయన వల్ల కాదు" అని వాదించింది. జడ్జి తలూపి, మసికొట్టుకుపోయిన రాజమోహన్‌ను చూసి, ఏం జరిగిందని అడిగారు.

రాజమోహన్ కళ్లు తుడుచుకున్నాడు.

"శీనయ్య దేవుడండీ! నేను కొట్టలేకపోయిన తాళాన్ని, ఆ కుడి చేత్తోనే, ఊచల్లోంచి, ఒకే ఒక్క దెబ్బకు ఊడగొట్టినాడు!"

జడ్జి శీనయ్య వైపు తిరిగారు. శీనయ్య కుడి చెయ్యి మెల్లగా వెనక్కు దాచుకున్నాడు.

బెయిలు వాయిదా పడింది. సుధారాణి ఫైలు మూసి, ఇకమీదట పోలీసులు మెచ్చుకునే పని ఏది చేసినా ముందు తనకు చెప్పమంది.