సుబేదారుగారి రాగిగొట్టాల రణము

కాలుష్యసూచిక కరుణించి, బొగ్గుల కుంపట్లైన అంగీఠీలపై సర్కారువారి నిషేధము తొలగి మూడు వారములైన ఫాల్గుణ భానువారమున, ఇంద్రప్రస్థ పశ్చిమదిగ్భాగాన, ద్వారకలోని ఒకానొక సొసైటీ నాల్గవ అంతస్తు బాల్కనీయే రణక్షేత్రముగా, ముప్పదియేండ్లు ఫౌజీబండ్ల ఇంజన్లకు ఊపిరులూదిన విశ్రాంత సుబేదారు, బోల్టులు బిగించు పానాధారి, రాజగోపాల్ గారు అంతిమయుద్ధమునకు నడుము బిగించిరి.

శత్రువు ఆయన స్వహస్తనిర్మిత బాహ్యదహనయంత్రమే. దాని కడుపులో పెట్రోలు మండదు. బయటి నిప్పుసెగ రాగిగొట్టాల హీటరును కాల్చవలె, గొట్టాలలోని గాలి ఉబ్బవలె, చక్రము తిరుగవలె. మూడు వారములుగా గొట్టములను సన్నము చేసిరి, సంఖ్య పెంచిరి, ఒంపులు మార్చిరి. చక్రము ససేమిరా అనెను. నేటి మధ్యాహ్నానికి తిరగనిచో బాల్కనీ యావత్తు ధర్మపత్ని కమలాకుమారిగారి బట్టలతాళ్ళ పాలు. ఆ ఇంట ఆయనకు మరొక చోటు లేదు.

అయినను, నిత్యవిధిగా గొట్టములను పాలిష్‌తో తళతళ తోముచు ఆయన గర్జించిరి: "ఓరీ లోహాధమా! శత్రుభీకర శకటములనే నడిపించిన ఈ బాహువులకు నీవెంత? నేడు తిరిగెదవో, తుక్కువానికి చేరెదవో తేల్చుకొనుము."

కమలాకుమారిగారు తాడుచుట్టతో గుమ్మంలో నిలిచిరి. "ఏవండీ, రోజూ వాటినట్లా అద్దాల్లా తోముతారెందుకు? పనిచేసే దీదీ పెనం అడుగు తెల్లగా తోమిందంటే, ఈ బొగ్గులమీద అట్టు ఎంతకీ కాలదు. నల్లపెనమైతే ఇట్టే వేడెక్కుద్ది."

సుబేదారుగారి చేయి ఆగిపోయెను. నిప్పులు పంపిన సెగనంతటినీ వెనుకకు తరిమినది తన పాలిషేనని తెలిసి సిగ్గుపడిరి.

"ఫౌజీవాణ్ణి, కమలా. నా సామానుకి నేనే మసి పుయ్యాలా?"

"అచ్ఛా, వద్దులెండి. తాడు కట్టేసుకుంటా."

అంతట ఆ పరాక్రమశాలి, క్రమశిక్షణాసర్వస్వమును దిగమింగి, ఆవనూనెదీపపు పొగపై గొట్టము వెంట గొట్టమును పట్టి, కాటుకనలుపు చేసిరి. కన్నులు చెమర్చెను, పొగవల్లనేనని చెప్పుకొనిరి. పిమ్మట హీటరును నిప్పులపై నిలిపి, చక్రమును వ్రేలితో తట్టిరి.

చక్రము వణికెను. తిరిగెను. కమలాకుమారిగారు బిగ్గరగా లెక్కించుచుండ పదకొండు చుట్లు తిరిగి ఆగెను.

"ఠీక్ హై, తిరిగింది. ఆ మూల మీదే. మిగతాది నాది."

ఇట్లు పదకొండు చుట్లతో జయించిన రెండడుగుల సామ్రాజ్యమున, పైతాడున ఆరవేసిన తడిచీర నీళ్ళు తలపై కారుచుండగా, మసిచేతుల సార్వభౌములు స్టూలు వేసుకొని ఆసీనులైరి.